లెక్కల ఫాదర్ చార్లెస్ రాసీన్

మన జైనూర్ పక్కనున్న మార్లవాయిలో గోండు పిల్లల చదువు కోసం పాటుపడిన హైమెన్‌డార్ఫ్ పేరు మనలో తెలియనివాళ్లు ఉండరు. దాదాపు అదే కాలంలో మరో విదేశీయుడు మద్రాసుకు వచ్చి జీవితాంతం లెక్కలు చెప్పారు. ఆయనే ఫాదర్ చార్లెస్ రాసీన్. పదో తరగతి లెక్కల పేపరుకు భయపడి, ఇంటర్‌లో ఎంపీసీ జోలికి పోనివాళ్లు మన హాస్టళ్లలో చాలామంది. అందుకే ఈయన గురించి రాయాలనిపించింది.

రాసీన్ గారు 1897లో జన్మించారు. స్వదేశం ఫ్రాన్సు. క్యాథలిక్కులలో జెస్యూట్లు అనే ఏసు సభలో చేరి ఫాదర్ అయ్యారు. ఫాదర్లకు లెక్కలతో ఏం పని అని అనిపించవచ్చు. కానీ ఆ సభకు ఇది పాత అలవాటే. 16వ శతాబ్దంలో రోమ్‌లోని వారి కళాశాలలో క్లావియస్ అనే ఫాదర్ లెక్కలు బోధించేవారు. తత్వశాస్త్రం ముందు లెక్కలు చిన్న చదువని అప్పట్లో కొందరు పండితులు అనుకునేవారు. ఆయన వాదించి, లెక్కలకు తమ బడుల్లో చోటు సంపాదించారు. 1599 నాటి వారి పాఠ్య ప్రణాళికలో లెక్కలు చేరాయి. ఈరోజు మన గోడకు వేలాడే క్యాలెండరును 1582లో సరిదిద్దిన వారిలో కూడా క్లావియస్ ఉన్నారు.

రాసీన్ గారు పారిస్‌లో ఎలీ కార్టాన్ అనే మహా గణితవేత్త దగ్గర చదివి, ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతానికి చెందిన ఒక లెక్కపై 1934లో డాక్టరేటు పొందారు. అంత చదివిన మనిషి 1937లో మన దేశానికి వచ్చారు. మొదట తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్స్ కళాశాలలోనూ, 1939 నుండి మద్రాసు లయోలా కళాశాలలోనూ బోధించారు. అప్పుడు మనం నిజాం రాజ్యంలో ఉంటే కోస్తా, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలో ఉండేవి.

ఆ రోజుల్లో మన విశ్వవిద్యాలయాల్లో లెక్కలంటే ఇంగ్లండు పద్ధతి. కఠినమైన లెక్కలు వేగంగా చేసి పరీక్షలో ర్యాంకు తెచ్చుకోవాలి. ఆ తర్వాత పెద్ద సర్కారు ఉద్యోగానికి పోవాలి. రాసీన్ గారిది వేరే దారి. ఫ్రాన్సులో కొత్తగా పుడుతున్న గణితాన్ని ఆయన విద్యార్థుల ముందు పెట్టారు. ఆయన పాఠం నోట్సు రాసుకుని బట్టీ పట్టేలా ఉండేది కాదట. గైడ్లతో గట్టెక్కే మనకు ఆయన తరగతి నచ్చేదో లేదో!

లయోలాలోనే చదివిన మీనాక్షిసుందరం అనే యువకుడు రాసీన్ గారి పరిచయంతో తన పరిశోధనను పాక్షిక అవకలన సమీకరణాల వైపు మళ్లించారు. తరువాత ఆయన వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేశారు. స్వీడన్ దేశస్థుడు ప్లెయిల్‌తో కలిసి 1949లో ఆయన ప్రచురించిన వ్యాసాన్ని నేటికీ గణితవేత్తలు వాడుతున్నారు.

1949లోనే మచిలీపట్నంలో పుట్టిన మన తెలుగువారు కొమరవోలు చంద్రశేఖరన్ బొంబాయి టాటా పరిశోధన సంస్థలో చేరి, అక్కడ గణిత విభాగాన్ని నిర్మించారు. రాసీన్ గారు తన మంచి శిష్యులను అక్కడికి పంపసాగారు. 1953లో నరసింహన్, శేషాద్రి ఇద్దరూ వెళ్లారు. నరసింహన్ గారిది ఉత్తర ఆర్కాటు జిల్లాలోని పల్లెటూరు, చిన్ననాటి చదువంతా పల్లెలోనే. ఈ ఇద్దరూ కలిసి 1965లో నిరూపించిన సిద్ధాంతం ప్రపంచమంతటా వారి పేర్లతోనే పిలవబడుతోంది.

అందరికంటే నన్ను ఆకట్టుకున్నది సి.పి.రామానుజం కథ. ఈయన శ్రీనివాస రామానుజన్ కాదు, వేరు. 1957లో లయోలాలో ఆనర్స్ పూర్తి చేస్తే వచ్చింది సెకండ్ క్లాసు. మార్కులు చూసి ఎవరైనా పక్కన పెట్టేవారే. రాసీన్ గారు మాత్రం టాటా సంస్థకు సిఫారసు లేఖ రాశారు. ఈ అబ్బాయికి సొంతంగా ఆలోచించే బుద్ధి ఉంది, తెలుసుకోవాలనే తపన ఉంది, తగిన అవకాశమిస్తే మంచి పరిశోధకుడు కాగలడు అన్నది దాని సారాంశం. సంస్థవారు తీసుకున్నారు. బీజగణిత జ్యామితిలో నేడు రామానుజం పేరుతో ఒక సిద్ధాంతమే ఉంది. దురదృష్టవశాత్తు ఆయన 1974లో 36 ఏళ్లకే మరణించారు. మరో రెండేళ్లకు, 1976లో, ఫాదర్ రాసీన్ కన్నుమూశారు.