కుఫూ గీత దగ్గర ఆగిన మౌలానా

ఉత్తర భారతంలో ముస్లిం వధువు అత్తవారింటికి తీసుకువెళ్లే సామగ్రిలో ఖురాన్ పక్కన మరో పుస్తకం కూడా తరతరాలుగా చోటు చేసుకుంటూ వచ్చింది. దాని పేరు ‘బహిష్తీ జేవర్’. స్వర్గపు ఆభరణాలని అర్థం. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో సరళమైన ఉర్దూలో వెలువడిన ఈ గ్రంథం నమాజు చేసే పద్ధతి మొదలుకొని ఉత్తరం రాయడం, ఇంటిపద్దు చూసుకోవడం, చిన్నచిన్న వైద్యాలు, వంటల దాకా స్త్రీలకు నేర్పింది. ఎవరు ఎవరికి జోడు కారో కూడా అదే పుస్తకం నేర్పింది. దాన్ని రాసిన మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ జీవితాన్ని కులం కోణం నుంచి చూడవలసిన అవసరం ఇక్కడే మొదలవుతుంది.

థాన్వీ 1863లో నాటి ముజఫర్‌నగర్ జిల్లాలోని థానా భవన్‌లో జన్మించారు. 1857 తిరుగుబాటులో పాల్గొన్నందుకు బ్రిటిష్ సేనల చేతిలో నేలమట్టమైన పట్టణమది. తండ్రి కలిగిన భూస్వామి. తండ్రి వైపు వంశాన్ని రెండవ ఖలీఫా ఉమర్‌తోను, తల్లి వైపు వంశాన్ని నాలుగవ ఖలీఫా అలీతోను ముడిపెట్టుకున్న కుటుంబం. అంటే భారతీయ ముస్లిం సమాజం అష్రాఫులుగా గౌరవించే పై శ్రేణిలో ఆయన పుట్టారు. 1866లో స్థాపితమైన దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్‌లో చదువు ముగించి, కాన్పూరులో సుమారు 14 ఏళ్లు బోధించారు. తిరుగుబాటు తరువాత మక్కాకు వలసపోయిన సూఫీ గురువు హాజీ ఇందాదుల్లా వద్ద దీక్ష పొందారు. అనంతరం స్వగ్రామం చేరి, గురువు విడిచివెళ్లిన ఖాన్‌ఖాలోనే జీవితాంతం గడిపారు.

అక్కడి నుంచే ఆయన వందలాది గ్రంథాలు వెలువరించారు. ఖురాన్ వ్యాఖ్యానం, ఫత్వాల సంపుటాలు, సూఫీ సాధనపై రచనలు వాటిలో ఉన్నాయి. పెళ్లిళ్లలో ఆర్భాటాన్ని, అప్పు చేసి జరిపే వేడుకలను, నిరాధారమైన ఆచారాలను నిర్దాక్షిణ్యంగా ఖండించారు. చదువు మగవారి సొత్తనుకునే కాలంలో, మతజ్ఞానం స్త్రీకీ పురుషుడితో సమానంగా అవసరమన్నారు. ఆయన్ను సంస్కర్త అనడంలో అతిశయోక్తి లేదు.

ఆయన పేరు చుట్టూ ఉర్దూ లోకంలో ఇప్పటికీ చల్లారని వివాదం మాత్రం వేరు. ‘హిఫ్జుల్ ఈమాన్’ అనే చిన్న పుస్తకంలో ప్రవక్తకు గల పరోక్షజ్ఞానం గురించి ఆయన చేసిన వ్యాఖ్య ప్రవక్తకు అవమానమని బరేలీ పండితుడు అహ్మద్ రజా ఖాన్ ఆరోపించారు. దేవ్‌బందీ పెద్దలు మరికొందరితో పాటు థాన్వీని అవిశ్వాసిగా ప్రకటిస్తూ మక్కా, మదీనా పండితుల సమ్మతి కూడా సేకరించారు. ఆ వివాదంపై వందేళ్లకు పైగా గ్రంథాల మీద గ్రంథాలు వెలువడ్డాయి. కానీ ఈ రెండు పక్షాలూ హనఫీ న్యాయ సంప్రదాయానికి చెందినవే. పెళ్లిలో వంశాన్నీ వృత్తినీ లెక్కచూడాలనే విషయంలో వాటి మధ్య తగవు లేదు. పోట్లాడుకున్న సంగతి చరిత్రలో నిలిచింది, ఏకీభవించిన సంగతి ప్రశ్నకే రాలేదు.

ఆ ఏకీభావం పేరు ‘కుఫూ’. వధూవరుల మధ్య ఉండవలసిన సమానత అని దాని అర్థం. ‘బహిష్తీ జేవర్’ దానికి అయిదు కొలతలు చెప్పింది: వంశం, ఇస్లాంలోకి వచ్చి గడచిన తరాలు, దైవభక్తి, ధనం, వృత్తి. సయ్యదులు, షేక్‌లు ఒకరికొకరు జోడు. మొగలులు, పఠాన్లు తమలో తాము సమానులే గాని సయ్యదులకు, షేక్‌లకు సరితూగరు. నేతగాడు దర్జీకి సాటి కాడు. మంగలి, చాకలి కూడా దర్జీకి సాటి కారు. తాను స్వయంగా ఇస్లాం స్వీకరించినవాడు, తండ్రి కాలం నుంచి ముస్లిం అయిన స్త్రీకి సమానుడు కాడు.

తెలుగు పాఠకులకు ఇందులో మరో పరిచితమైన అంశం కనిపిస్తుంది. ఈ నియమం ప్రధానంగా స్త్రీకి వర్తిస్తుంది. పురుషుడు తనకంటే తక్కువ అనుకునే ఇంటి పిల్లను చేసుకుంటే ఆక్షేపణ లేదు. స్త్రీ పెద్దల అనుమతి లేకుండా ‘తక్కువ’ వాడిని చేసుకుంటే ఆ నిఖా చెల్లదన్న మతాన్నే థాన్వీ ఫత్వాగా స్థిరపరిచారు. ధర్మశాస్త్రాలు అనులోమాన్ని సహించి ప్రతిలోమాన్ని శిక్షించిన తీరుకు ఇది ఎంత దగ్గరో వేరే చెప్పనక్కరలేదు. వంశం పేరిట గర్వపడటం పాపమని బోధించిన ఆయనే, ఆ వంశాన్ని పెళ్లి చెల్లుబాటుకు కొలబద్ద చేశారు.

ఇది ఆయన సొంతంగా కల్పించిన నియమం కాదు. మధ్యయుగపు హనఫీ గ్రంథాల్లో ఉన్నదే. ఆ గ్రంథాలు అరబ్బు తెగలను, ఇరాకు బజార్ల వృత్తులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. థాన్వీ దాన్ని గంగా మైదానపు కుల నిచ్చెనకు అన్వయించి, ఉర్దూలో ఇంటింటికీ చేర్చారు. పండితుల మధ్య ఉండిపోయిన నియమం ఆడపిల్లల పాఠంగా మారింది.

ఆనాటి శాస్త్రం కట్టుబాటు అలాంటిదని, ఆయనకు మరో దారి లేదని సమర్థించేవారున్నారు. ఆ సమర్థనకు జవాబు ఆయన జీవితంలోనే ఉంది. భర్త జాడ తెలియక, లేదా అతడు పోషించకా విడాకులివ్వకా హింసిస్తుంటే, హనఫీ న్యాయం ప్రకారం భార్యకు విముక్తి దాదాపు లేదు. పంజాబులో కొందరు స్త్రీలు వివాహబంధం తెంచుకోవడానికి ఇస్లాంనే వదిలిపెడుతున్నామని న్యాయస్థానాల్లో ప్రకటించసాగారు. ఈ స్థితికి కలత చెందిన థాన్వీ మదీనాలోని మాలికీ పండితులతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి, 1931లో ‘అల్ హీలతున్ నాజిజా’ ప్రకటించారు. మాలికీ సంప్రదాయం నుంచి నియమాలు తీసుకుని అలాంటి స్త్రీలకు విముక్తి మార్గం చూపారు. మతం వీడినంత మాత్రాన వివాహం రద్దు కాదని కూడా అందులో తేల్చారు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టానికి పునాది ఈ గ్రంథమే. ముస్లిం న్యాయమూర్తే తీర్పు చెప్పాలన్న షరతును మాత్రం చట్టం స్వీకరించలేదు.

అంటే సంప్రదాయపు గోడ దాటడం ఆయనకు తెలుసు. అవసరమనుకున్నప్పుడు దాటారు కూడా. ఏ మాలికీ సంప్రదాయం నుంచి స్త్రీల కోసం నియమాలు అరువు తెచ్చారో, ఆ సంప్రదాయంలోనే కుఫూ అంటే ప్రధానంగా మతనిష్ఠ, నడవడి. వంశానికీ వృత్తికీ అక్కడ ఆ స్థానం లేదు. హనఫీలలోనే పదో శతాబ్దపు కర్ఖీ ఈ షరతును తిరస్కరించారు. ప్రవక్త తన మేనత్త కూతురు జైనబ్‌ను, బానిసత్వం నుంచి విముక్తుడైన జైద్‌కు ఇచ్చి పెళ్లి చేసిన సంగతి ప్రతి మదర్సా విద్యార్థికీ తెలుసు. ఆధారాలు కరవై థాన్వీ ఆగలేదు. మతం వీడే స్త్రీలలో సమాజానికి వాటిల్లే నష్టం ఉలేమాకు కనిపించింది. మతంలోనే ఉండి అవమానాన్ని దిగమింగే నేతగాడిలో అలాంటి నష్టమేదీ కనిపించలేదు.

నేతగాళ్లు మాత్రం మౌనంగా ఉండలేదు. 1920లలో మోమిన్ కాన్ఫరెన్స్‌గా సంఘటితమయ్యారు. బీహారుకు చెందిన ఆసిం బిహారీ వంటి నాయకులు ఊరూరా తిరిగారు. థాన్వీ శిష్యుడు ముఫ్తీ మహమ్మద్ షఫీ వంశాల తారతమ్యంపై వెలువరించిన గ్రంథం తమ వృత్తులను కించపరిచిందని అన్సారీలు 1930లలో నిరసన తెలిపారు. థాన్వీ చివరి ఏళ్లలో ముస్లిం లీగ్ పక్షం వహించారు. మోమిన్ కాన్ఫరెన్స్ లీగ్‌ను, విభజనను వ్యతిరేకించింది. 1943 జూలైలో థానా భవన్‌లోనే ఆయన కన్నుమూశారు.

ఆయన పుస్తకంలోని జాబితాను మన నేల మీది మరో జాబితాతో పోల్చి చూడండి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం బీసీ-ఇ వర్గాన్ని ఏర్పరచి 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. అందులో ధోబీ ముస్లింలు, హజామ్ లేదా నాయీ ముస్లింలు, ఖురేషీలు, ఫకీర్లు, అత్తరు సాయిబులు ఉన్నారు. సయ్యదులు, మొగలులు, పఠాన్లు దాని వెలుపల ఉన్నారు. షేక్‌లు మాత్రం ఇక్కడ వెనుకబడినవారిలో చేరారు, ఎందుకంటే తెలుగునాట ఆ పేరు ఎక్కువగా మతం మారిన శ్రామిక కులాలది. దూదేకులు అంతకుముందే బీసీ-బిలో ఉన్నారు. చట్టం గుర్తించిన మంగలి, చాకలి, ఆ పుస్తకం దర్జీకి సాటి కారన్న మంగలి, చాకలే. ఇస్లాంలో కులం లేదని చెప్పి ఈ రిజర్వేషన్‌ను ఆక్షేపించేవారు, ముస్లిం సమాజానికి కులం పరాయి సమస్య అని దాటవేసే పెద్దలు, ఇద్దరూ ఆ పుస్తకం ఒకసారి తెరిచి చూడాలి.

థాన్వీని నిందించి ఊరుకోవడం తేలిక, ఆయన మేధస్సును కొలిచి ఊరుకోవడమూ తేలికే. ఆయన మిగిల్చిన పాఠం అంతకంటే ఉపయోగకరమైనది. మనుషుల బాధ చూసి శాస్త్రాన్ని తిరగరాయవచ్చని ఆయన 1931లో నిరూపించారు. అదే పద్ధతిని కుఫూకు వర్తింపజేసే పని నేటి ఉలేమా ముందుంది. పస్మాందా ముస్లింలు అడుగుతున్నది కొత్త మతాన్ని కాదు, ఆ మౌలానా స్త్రీల కోసం తెరిచిన తలుపునే తమ కోసమూ తెరవమని.