జంట తీగల మర్మమెరిగిన గ్రాహం బెల్

టెలిఫోను నిర్మాతగా అలెగ్జాండర్ గ్రాహం బెల్ లోకానికి సుపరిచితుడు. నేటి ఇంటర్నెట్టుకు సైతం ఉపకరిస్తున్న మరొక ఉపాయం ఆయన మేధస్సులో పుట్టినదని ఎరిగినవారు అరుదు.

బెల్ 1847 మార్చి 3న స్కాట్లండులోని ఎడింబరో నగరంలో జన్మించాడు. తండ్రి ఉచ్చారణ శాస్త్ర బోధకుడు. తల్లికి వినికిడి అంతంతమాత్రం. బాలుడైన బెల్ ఆమె నుదుటికి చేరువగా వంగి మంద్రస్వరంతో మాట్లాడేవాడు. సోదరులిద్దరూ క్షయకు బలికాగా, 1870లో తల్లిదండ్రులతో కెనడా చేరాడు. మరుసటి యేడు బోస్టనులో బధిర బాలల ఉపాధ్యాయుడైనాడు. చిన్ననాటి జ్వరంలో వినికిడి కోల్పోయిన తన శిష్యురాలు మేబెల్‌ను 1877లో వివాహమాడాడు. బధిరుల సంజ్ఞాభాషను ఆయన ఆదరించకపోవడం మాత్రం నేటికీ విమర్శకు గురి అవుతున్నది.

1876 మార్చి 7న టెలిఫోనుకు పేటెంటు లభించింది. కాని యంత్రం పలికినంతనే చిక్కు తీరలేదు. నాటి ఫోనుకు తీగ ఒక్కటే, తిరుగుదారి భూమియే. పక్కన సాగే టెలిగ్రాఫు తీగల టకటకలు ఆ ఒంటి తీగలో చొరబడి మాటను మింగివేసేవి. 1881లో బెల్ పొందిన మరొక పేటెంటు దీనికి విరుగుడు చూపింది. రెండు తీగలను పురిత్రాడు వలె పెనవేస్తే బయటి అలజడి రెండింటినీ సమానంగా తాకుతుంది. చివరన వాటి మధ్యగల భేదాన్ని మాత్రమే గ్రహించడం వలన అలజడి రద్దయి, మాట నిలుస్తుంది. 1882లో మద్రాసులో టెలిఫోను ఎక్స్ఛేంజి వెలసింది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలలో రాగి తీగపై బ్రాడ్‌బ్యాండు గల ఇంటికి ఈ సూత్రమే శరణ్యం. పురిలేని పొడిగింపు తీగలు, తుప్పుపట్టిన అతుకులు, వాడకుండా వదలిన శాఖలు, ఫిల్టరు లేని ఫోను వేగాన్ని హరిస్తాయి. పురి గల తీగను మోడెం సాకెట్టు వరకు తెచ్చి, వృథా శాఖలను తొలగించి, కరెంటు తీగలకూ మగ్గపు మోటార్లకూ దూరంగా నడిపిస్తే పోయిన వేగం చాలావరకు తిరిగివస్తుంది. గాజు తీగ వచ్చిన ఇంటిలోనూ కంప్యూటరుకు చేరే లాన్ తీగలో ఉన్నది ఆ పెనవేతయే.

1922 ఆగస్టు 2న బెల్ కన్నుమూశాడు. అంత్యక్రియల వేళ ఉత్తర అమెరికాలోని టెలిఫోన్లు ఒక నిమిషం మౌనం వహించాయి.

విద్యార్థులారా! గొంతు పెంచడం కన్న అలజడిని తగ్గించడం మేలైన మార్గం. రెండు తీగలు కలిసి నడచినందుననే మాట గమ్యం చేరింది. ఇది తీగలకే కాదు, మనకూ పాఠమే.