మంచుదారిలో మంచిమనిషి – నాన్సెన్

అంతర్జాతీయ మహాసభలంటే మనలో చాలామందికి కాస్త చులకన. దేశదేశాల ప్రతినిధులు పొడుగాటి బల్లల చుట్టూ చేరి, తీర్మానాలు చదివి, విందులారగించి వెళ్ళిపోతారని మన అభిప్రాయం. అది బొత్తిగా అబద్ధమని నేనూ అనలేను. కానీ అటువంటి సభల్లోకి సైన్సు చదువుకున్న ఒక మనిషి వెళ్ళి, గెలిచి, ఓడి, ఓడినా ఊరుకోక లక్షలమందికి ఆసరాగా నిలిచాడు. ఆయనే నార్వే దేశస్థుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్.

నాన్సెన్ 1861 అక్టోబరు 10న, అప్పట్లో క్రిస్టియానియా అనే నేటి ఓస్లో నగరం దగ్గర జన్మించాడు. జంతుశాస్త్రం చదివి, బెర్గెన్ మ్యూజియంలో ఉద్యోగం చేస్తూ, నాడీ కణాలపై పరిశోధనకు 1888లో డాక్టరేటు పొందాడు. అదే ఏడు మరో అయిదుగురితో కలిసి, కాళ్ళకు చెక్కబద్దలు కట్టుకుని గ్రీన్‌లాండ్ మంచును అడ్డంగా దాటాడు. మనుషులుండే పడమటి తీరం నుంచి బయల్దేరితే కష్టం వచ్చినప్పుడు వెనక్కి తిరగాలనిపిస్తుంది. అందుకే జనసంచారం దాదాపు లేని తూర్పు తీరం నుంచి బయల్దేరాడు. వెనక ఏమీ లేదు కనుక ముందుకే నడవాలి. ఆయన జీవితమంతా ఈ పద్ధతే.

1893లో ఫ్రామ్ అనే ఓడను కావాలనే ఉత్తర ధ్రువసముద్రపు మంచులో ఇరికించాడు. మంచు నొక్కితే నలిగిపోకుండా పైకి లేచేటట్లు దాని అడుగు గుండ్రంగా కట్టించాడు. పెద్ద పెద్ద అనుభవజ్ఞులే అదో పిచ్చిపని అన్నారు. ఓడ మాత్రం మంచుతోపాటు కొట్టుకుపోయి, 1896లో క్షేమంగా బయటపడింది. మంచు గాలివాటుకు కాక కొంచెం కుడిపక్కకు జరుగుతోందని ఆయన గమనించాడు. ఎక్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు సముద్ర ప్రవాహాల సిద్ధాంతం కట్టడానికి ఆ పరిశీలనే ఆధారమైంది.

1905లో నార్వే స్వీడన్ నుంచి విడిపోయింది. కొత్త రాజ్యానికి రాయబారిగా నాన్సెన్ 1906 నుంచి 1908 దాకా లండన్‌లో ఉన్నాడు. తర్వాత మళ్ళీ సముద్రశాస్త్ర ఆచార్యుడిగా తన పరిశోధనలో పడ్డాడు. కానీ మొదటి ప్రపంచ యుద్ధం ఆయన్ను అక్కడ ఉండనివ్వలేదు. యుద్ధం ముగిసినా లక్షలాది ఖైదీలు పరాయి దేశాల్లోనే చిక్కుకుపోయారు. 1920లో నానాజాతి సమితి వాళ్ళ బాధ్యత నాన్సెన్‌కు అప్పజెప్పింది. రెండేళ్ళలో 4 లక్షల 27 వేలకు పైగా ఖైదీలు ఇళ్ళకు చేరారు.

ఇంతలో 1921లో రష్యాలో ఓల్గా నది పరగణాల్లో ఘోరమైన కరువు వచ్చింది. ఏళ్ళ తరబడి యుద్ధాలు, ప్రభుత్వం బలవంతంగా ధాన్యం లాక్కోవడం, వాటిపైన అనావృష్టి. రైతులు విత్తనాలు కూడా తినేశారు. ఈ మాట చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మా ఇంట్లో ఎంత చెడ్డ ఏడాదైనా విత్తనానికి తీసిపెట్టిన శెనక్కాయల మూట మీద మా నాయన చెయ్యి పడనివ్వడు. ఆ మూట విప్పారంటే వచ్చే ఏడాదిని కూడా తినేసినట్టే.

1921 ఆగస్టులో జెనీవాలో రెడ్‌క్రాస్ పూనికతో జరిగిన సభ కరువు సహాయ బాధ్యతను నాన్సెన్‌కిచ్చింది. ఆయన మాస్కో వెళ్ళి ఒడంబడిక కుదుర్చుకొచ్చాడు. సెప్టెంబరులో నానాజాతి సమితి ముందు నిలబడి అప్పు అడిగాడు. అమెరికా ఖండాల్లో ధాన్యం మూలుగుతోంది, రేవుల్లో ఓడలు ఖాళీగా ఉన్నాయి, చలికాలం లోపల చేర్చకపోతే జనం దక్కరని లెక్కలతో సహా చెప్పాడు. ప్రభుత్వాలు ఒప్పుకోలేదు. సాయం చేస్తే బోల్షివిక్ ప్రభుత్వం బలపడుతుందని వాటి భయం.

సభలో ఓడిన నాన్సెన్ ఇంటికి పోలేదు. కరువు ప్రాంతాలు తిరిగి, ఆ ఫోటోలు పట్టుకుని దేశదేశాల్లో ఉపన్యాసాలిచ్చి చందాలు పోగుచేశాడు. ఆ కరువులో ఎక్కువమందికి అన్నం పెట్టింది అమెరికా సహాయ సంస్థ. 1922లో రోజుకు కోటిమందికి పెట్టిన రోజులున్నాయి. నాన్సెన్ వంతు అంతకన్నా చిన్నదే. అయినా సుమారు 50 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆలస్యం ఖరీదు అది.

1922 జులైలో జెనీవాలోనే మరో సభ. ఏ దేశమూ తనవాళ్ళనని రష్యన్ శరణార్థులకు ఒక గుర్తింపు పత్రం ఇవ్వాలన్న ఆయన ప్రతిపాదనను అది అంగీకరించింది. అదే నాన్సెన్ పాస్‌పోర్టు. క్రమంగా 50కి పైగా దేశాలు దాన్ని గుర్తించాయి. ఆ ఏడాదే వచ్చిన నోబెల్ శాంతి బహుమతి సొమ్మును ఆయన సహాయ కార్యక్రమాలకే ఖర్చుపెట్టాడు.

ఆయన చేసినదంతా ఒప్పేనని నేననను. 1923లో గ్రీసు, టర్కీల మధ్య నిర్బంధ జనమార్పిడికి ఆయన మద్దతిచ్చాడు. అప్పటికే పారిపోయి వచ్చినవాళ్ళతో కలిపి 10 లక్షలకు పైగా క్రైస్తవులు, సుమారు 4 లక్షల ముస్లిములు పుట్టిన ఊళ్ళు శాశ్వతంగా వదులుకున్నారు. దానిపై విమర్శ నేటికీ ఉంది.

1930 మే 13న నాన్సెన్ కన్నుమూశాడు. ఆయన పేరిట పనిచేసిన శరణార్థుల కార్యాలయానికి 1938లో నోబెల్ శాంతి బహుమతి దక్కింది.

మిత్రులారా! మన యూనియన్ సభల్లోనూ తీర్మానాలు చేస్తాం, చప్పట్లు కొడతాం. సభ ముగిశాక కుర్చీలు సర్దడానికి ఎందరు మిగులుతారో మనకు తెలుసు. నాన్సెన్ అలా మిగిలిన మనిషి. తీర్మానం నెగ్గితే దాన్ని అమలుచేశాడు, వీగిపోతే ఆ పనిని తన భుజాన వేసుకున్నాడు. సైన్సు చదివేవాళ్ళకు లోకవ్యవహారాలెందుకని ఎవరైనా అడిగితే ఇకనుంచి నేను ఆయన పేరే చెబుతాను.