ముద్దాయికిని న్యాయము కోరిన బెక్కారియా

నేరము మోపబడినవాడు వేరు. నేరము రుజువైనవాడు వేరు. ఈ భేదమును లోకమునకు బోధించిన మహాశయులలో చెజారే బెక్కారియా గారు ముఖ్యులు.

వీరు 1738వ సంవత్సరము మార్చి 15వ తేదీన ఇటలీ దేశమందలి మిలాను నగరమున, కులీన కుటుంబమున జన్మించిరి. పార్మా పట్టణమున క్రైస్తవ గురువుల విద్యాలయమందు చదివి, 1758లో పావియా విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర పట్టము బడసిరి. 1761లో తండ్రి యిష్టమునకు విరుద్ధముగా తెరెసా బ్లాస్కో యను కన్యను వివాహమాడిరి. స్వభావముచే వీరు జంకుగలవారు. అయినను పియెత్రో, అలెస్సాండ్రో యను వెర్రి సోదరుల స్నేహము వీరి జీవితమును మలుపు త్రిప్పెను. అలెస్సాండ్రో ఖైదీల బాగోగులు విచారించు ఉద్యోగమున నుండుటచే, చెరసాలలోని ఘోరములు వీరికి తెలియవచ్చెను.

ఆ కాలమున ముద్దాయిని చిత్రహింసల పాలుచేసి నేరము నొప్పించుట ఐరోపాలో పెక్కు న్యాయస్థానముల యాచారము. రహస్యముగా చేసిన ఫిర్యాదులును చెల్లెడివి. పలుచోట్ల దొంగతనమునకును ఉరిశిక్ష కలదు.

1764లో, ఇరువదియారేండ్ల ప్రాయమున, వీరు నేరములను శిక్షలను గూర్చి యొక చిన్న పుస్తకమును తమ పేరు వేయకయే లివోర్నో పట్టణమున ప్రకటించిరి. అందలి వాదము సూటియైనది. న్యాయాధిపతి తీర్పు చెప్పువరకు ఎవనిని దోషి యనరాదు. హింసించినచో దేహబలము గల దోషి పండ్లు బిగబట్టి తప్పించుకొనును. బలహీనుడగు నిర్దోషి తాళలేక చేయని నేరము నొప్పుకొనును. కావున ఆ పరీక్ష తేల్చునది కండబలమునే గాని సత్యమును గాదు. చట్టము జనులకు తెలియు భాషలో నుండవలెను. శిక్ష నేరమునకు తగినంతయే యుండవలెను. కఠినమైన శిక్షకంటె తప్పించుకొనరాని శిక్షయే నేరముల నెక్కువగా నణచును.

1766లో రోములోని మతాధికారులు ఆ పుస్తకమును నిషిద్ధ గ్రంథములలో చేర్చిరి. అయినను అది ఆగలేదు. రష్యా రాణి కాథరిన్ 1767లో తాను వ్రాసిన శాసన సూత్రములందు వీరి భావములను గ్రహించెను. 1786లో టస్కనీ ప్రభువు లియోపోల్డు మరణశిక్షను రద్దుచేసెను. 1792లో శిక్షాస్మృతి సంస్కరణ సంఘ సభ్యులుగా వీరు మరణశిక్షకు వ్యతిరేకముగా తమ యభిప్రాయమును తెలిపిరి. 1794 నవంబరు 28న మిలానులో కీర్తిశేషులైరి.

మన రాజ్యాంగముయొక్క 20వ అధికరణము ప్రకారము ముద్దాయిని తనకు తానే విరోధముగా సాక్ష్యమిమ్మని నిర్బంధింపరాదు. 22వ అధికరణము ప్రకారము, సామాన్యముగా, అరెస్టయినవానికి కారణము తెలుపవలెను, వకీలును సంప్రదింపనీయవలెను, ప్రయాణకాలము గాక 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచవలెను. పోలీసు అధికారికి చేసిన ఒప్పుకోలు ముద్దాయిపై రుజువుగా చెల్లదు. బెక్కారియా గారు కోరిన న్యాయమార్గ మిట్టిదే.

ఊరిలో సొత్తు పోయిన దినమున, అనుమాన మొక్కటే యాధారముగా ఒకనిని చెట్టునకు కట్టి కొట్టుటకు చేతులు తొందరపడును. ఆ దెబ్బలకు వాడు ఒప్పుకొన్నను పోయిన సొత్తు ఎవరిదో గాని, దొంగ ఎవడో మనకు తెలిసినట్లు కాదు. ఆనాడు చేయి వెనుకకు తీసికొని, విచారణను న్యాయస్థానమునకు విడుచుటయే ఈ మహనీయుని స్మరించు విధము.