ధనంజయ్ కీర్: కలం పేరుతో బాబాసాహెబ్ జీవితం రాసిన గుమాస్తా

బాబాసాహెబ్ జీవితం చదవాలని మీరు అడిగితే చాలామంది ముందు చెప్పే పేరు ధనంజయ్ కీర్. అది కలం పేరు. అసలు పేరు అనంత్ విఠల్ కీర్. 1913లో రత్నగిరిలో పుట్టారు. బొంబాయి మునిసిపాలిటీలో గుమాస్తాగా పనిచేస్తూ రాశారు.

1950లో సావర్కర్ జీవితం, 1954లో అంబేడ్కర్ జీవితం ఇంగ్లీషులో తెచ్చారు. అప్పటికి బాబాసాహెబ్ బతికే ఉన్నారు. 1956 అక్టోబర్ 14 నాటి నాగపూర్ దీక్ష, డిసెంబర్ 6 నాటి మహాపరినిర్వాణం తర్వాతి ముద్రణలో చేరాయి. 1964లో ఫూలే జీవితం కూడా రాశారు. 1971లో పద్మభూషణ్ వచ్చింది. 1984లో కన్నుమూశారు.

సావర్కర్‌ను మెచ్చుకున్న మనిషే మన బాబాసాహెబ్ గురించి రాశాడు. మరి ఆ పుస్తకం పక్కన పడేయాలా? వద్దు. కళ్లు మూసుకుని నమ్మాలా? అదీ వద్దు. ఎవరు చెప్పారని కాదు, పరీక్షించి తీసుకోమని కాలామ సుత్తంలో బుద్ధుడు దారి చూపాడు. కీర్ మాటల్ని బాబాసాహెబ్ సొంత రచనల పక్కన పెట్టి చదవండి.

ఇంకో సంగతి. మన బొజ్జన్నకొండ, తొట్లకొండ మీద స్తూపాలు, విహారాల ఆనవాళ్లు మిగిలాయి. అక్కడ బతికిన భిక్షువుల జీవిత కథలు మాత్రం మనదాకా రాలేదు. పోర్టులో మూటలు మోసిన మీ తాత కథ, దీక్ష తీసుకున్న మీ అమ్మమ్మ కథ కూడా అలాగే పోవాలా? ఒక గుమాస్తా ఉద్యోగం చేసుకుంటూనే ఇంత రాశాడు. స్టీలు ప్లాంటు షిఫ్టు దిగి వచ్చాక మీరూ ఒక నోటుబుక్కు తీయండి. పెద్దవాళ్లను అడిగి, తేదీలు సరిచూసుకుని రాయండి.

జై భీమ్! నమో బుద్ధాయ!