రెండుసార్లు కాదన్న క్రిస్టినా

క్రిస్మస్ రోజుల్లో ఇంగ్లీషు ఆరాధనలు జరిగే చర్చిల్లో ‘ఇన్ ద బ్లీక్ మిడ్‌వింటర్’ అనే పాట వింటుంటాం. నిరుపేద ప్రభువుకు ఏ కానుక ఇవ్వగలడన్న ప్రశ్న ఉన్న పాట అది. దాన్ని రాసిన క్రిస్టినా రోసెట్టి పేరు మనలో చాలామందికి తెలియదు. ఆ పాట అచ్చయిన 1872 నాటికే ఆమె ప్రభువు నిమిత్తం రెండు పెళ్లి సంబంధాలు వదులుకున్నదన్న సంగతి ఇంకా కొద్దిమందికే తెలుసు.

క్రిస్టినా 1830 డిసెంబర్ 5న లండన్‌లో పుట్టింది. తండ్రి గాబ్రియేలె ఇటలీ నుంచి వచ్చి తలదాచుకున్న కవి. తల్లి భక్తిపరురాలు. ఆ తల్లి వద్దే క్రిస్టినా చదువు, ప్రార్థన రెండూ నేర్చుకుంది. అన్న డాంటే గాబ్రియేల్ పేరుమోసిన చిత్రకారుడు. అతని మిత్రబృందంలోని జేమ్స్ కాలిన్సన్ అనే యువ చిత్రకారుడు 1848లో ఆమెను పెళ్లాడతానని అడిగాడు. అప్పటికి ఆమెకు 17 ఏళ్లు. కాలిన్సన్ అంతకుముందే ఆంగ్లికన్ సంఘం వదిలి రోమన్ కాథలిక్ సంఘంలో చేరాడు. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఆ రెండు సంఘాల మధ్య దూరం ఇప్పుడు మనం ఊహించలేనంత! క్రిస్టినా ఒప్పుకోలేదు. అతను ఆంగ్లికన్ సంఘానికి తిరిగి వచ్చాకే నిశ్చితార్థం కుదిరింది.

పెళ్లికి అడ్డు తొలగడానికి విశ్వాసం మార్చుకోవడం మనకూ కొత్తేమీ కాదు. ముహూర్తానికి వారం ముందు బాప్తిస్మం, పెళ్లయ్యాక ఆలయం ముఖమే చూడకపోవడం ఎన్ని కుటుంబాల్లో చూడలేదు? అయితే కాలిన్సన్‌ను ఆ గాటన కట్టేయలేం. 1850లో అతను మళ్లీ కాథలిక్ సంఘానికే వెళ్లిపోయాడు. పెళ్లి చేజారుతుందని తెలిసీ మనస్సాక్షి చెప్పినట్టు నడిచాడు. ఆ మేరకు అతనూ గౌరవించదగినవాడే. క్రిస్టినా నిశ్చితార్థం రద్దు చేసుకుంది. అప్పటికే తండ్రి ఆరోగ్యం, చూపు దెబ్బతిని ఇల్లు ఇబ్బందుల్లో ఉంది. తల్లీకూతుళ్లు చిన్న బడి పెట్టి నెట్టుకొచ్చిన రోజులవి. ఆడపిల్లకు పెళ్లే జీవనాధారమైన కాలంలో ఆమె తీసుకున్న నిర్ణయమిది.

రెండో పరీక్ష ఇంకా కఠినమైనది. చార్లెస్ కేలీ ఒకప్పుడు ఆమె తండ్రి దగ్గర ఇటాలియన్ నేర్చుకున్న శిష్యుడు. ఇటలీ మహాకవి డాంటే కావ్యాన్ని ఇంగ్లీషులోకి అనువదించిన పండితుడు. నెమ్మదస్తుడు, బట్టల మీద ధ్యాస కూడా లేని పుస్తకాల మనిషి. క్రిస్టినా అతన్ని నిజంగా ప్రేమించింది. 1866లో అతను పెళ్లి ప్రస్తావన తెచ్చినప్పుడు ఆమెకు 35 ఏళ్లు. ఆస్తి లేకపోవడమే అడ్డయితే ఇద్దరూ తన ఇంట్లోనే ఉండవచ్చని చిన్నన్న విలియం ముందుకొచ్చాడు. అడ్డు డబ్బు కాదు. అతని విశ్వాసం ఏమిటో ఆమె విచారించి తెలుసుకుంది. తాను నమ్మినట్టుగా క్రీస్తును నమ్మినవాడు కాడని తేలింది. పెళ్లయ్యాక మార్చుకుంటానులే అని ఆమె సర్దుకోలేదు. వద్దని చెప్పింది.

మనల్ని ఎక్కువగా కదిలించేది ఆ తర్వాతి కథ. ఆమె అతన్ని ద్వేషించలేదు, నిందించలేదు. 1883 డిసెంబర్‌లో కేలీ నిద్రలోనే కన్నుమూసేవరకూ ఇద్దరూ ఆప్తమిత్రులుగానే మెలిగారు. దారితప్పిన స్త్రీల కోసం హైగేట్‌లో నడిచిన ఆశ్రమంలో ఆమె 1859 నుంచి ఏళ్ల తరబడి సేవ చేసింది. భక్తి గ్రంథాలు రాసింది. 1870ల ఆరంభంలో థైరాయిడ్ జబ్బు ఆమె రూపాన్నే మార్చేసింది. 1892లో కేన్సర్‌కు ఆపరేషన్ జరిగింది. 1894 డిసెంబర్ 29న ప్రభువు సన్నిధికి చేరింది.

ఆమె చనిపోయాక విలియం ఆమె రాతబల్ల తెరిచాడు. ఎవరికీ చూపించకుండా దాచుకున్న ఇటాలియన్ కవితలు అందులో కనిపించాయి. అవి 1860లలో కేలీని తలచుకుని ఆమె రాసుకున్నవి.