58 దాటాక మళ్ళీ బల్ల ముందుకు

ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం రాసి ఇవ్వమని కార్యదర్శిగారు పట్టుబట్టారు. గాంధీగారి గురించి, విశ్వేశ్వరయ్యగారి గురించి రాయగలవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను గిటార్లు చేసిన ఒక వడ్రంగి గురించి రాస్తానన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, పేజీన్నర మించకూడదని చెప్పి ఒప్పుకున్నారు.

నా సంగతి పాత మిత్రులకు తెలిసిందే. పాటర్న్ షాపులో 31 ఏళ్ళు కర్ర అచ్చులు చేసి 2010లో రిటైరయ్యాను. ఊరికే కూర్చోలేక ఇంటి వరండాలో గిటార్ల మరమ్మతు మొదలుపెట్టాను. చర్చిలో వాయించే పిల్లలు, కాలేజీ కుర్రాళ్ళు తెస్తుంటారు. మన ఎండలకు బంక మెత్తబడి బ్రిడ్జి లేచిపోవడమే ఎక్కువ. ఉక్కు తీగెలు ఆరూ కలిసి 70 కిలోలకు పైగా లాగుతుంటాయి, పాపం ఆ పల్చటి చెక్క ఎంతకని ఆగుతుంది!

రెండేళ్ళ క్రితం ఒక కుర్రాడి గిటారుకు బ్రిడ్జి ఊడదీస్తూ ఉంటే నా చెయ్యి వణికి, కత్తి జారి, పై పలక చీలింది. వాళ్ళ నాన్న కొనిచ్చిన గిటారట. కుర్రాడు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. డబ్బు తీసుకోకుండా అతుకు వేసి ఇచ్చాను గానీ ఆ గీత కనిపిస్తూనే ఉంది. ఇక చాలు నాన్నా, మూసెయ్యండి అన్నాడు మా అబ్బాయి. పనిముట్లు పెట్టెలో సర్దేశాను కూడా. ఆ రోజుల్లోనే నా దగ్గరికి వచ్చే ఒక సంగీతం మాస్టారు టోరెస్ గారి జీవితం మీద ఇంగ్లీషు పుస్తకం ఇచ్చారు. దాన్ని రాసిన రొమానిల్యోస్ గారు తాను కూడా గిటార్లు చేసే మనిషే. అది 1987లో అచ్చయింది.

ఆంటోనియో దె టోరెస్ 1817లో స్పెయిన్ దక్షిణ తీరంలోని అల్మెరియా పట్టణం పక్కన ఒక చిన్న ఊళ్ళో పుట్టారు. తండ్రి పన్నులు వసూలు చేసే చిన్న ఉద్యోగి, అంటే మన బాపతే. కొడుకును 12వ ఏట వడ్రంగి దగ్గర పనికి పెట్టారు. 1833లో అక్కడ సింహాసనం కోసం అంతర్యుద్ధం మొదలై, కుర్రవాళ్ళను సైన్యంలోకి లాక్కుపోయారు. ఈయన వంతూ వచ్చింది. తండ్రి ఎలాగో తంటాలు పడి, ఆరోగ్యం బాగాలేదనిపించి వెనక్కి తెప్పించారు. పెళ్ళికాని వాళ్ళనే ముందు పిలుస్తారన్న భయంతో 1835లో హడావిడిగా పెళ్ళి చేశారు. పెళ్ళికూతురికి 13 ఏళ్ళు. మన తాతల కాలం సంబంధాలు గుర్తొస్తాయి.

ఆ సంసారం పదేళ్ళే నడిచింది. ముగ్గురు ఆడపిల్లలు పుడితే ఇద్దరు పోయారు. 1845లో భార్య క్షయతో, 23 ఏళ్ళకే కన్నుమూసింది. నెత్తిన అప్పులు. ఆయన సెవిల్ నగరానికి చేరి వడ్రంగం చేసుకుంటూ బతికారు. గిటార్లు కొన్ని చేశారు గానీ అదే వృత్తి కాలేదు. అలాంటి సమయంలో హూలియాన్ ఆర్కాస్ అనే పేరున్న విద్వాంసుడు పరిచయమయ్యాడు. అతనిదీ అల్మెరియా ప్రాంతమే, వయసులో 15 ఏళ్ళు చిన్న. అతని ప్రోత్సాహంతోనే 1850లలో టోరెస్ పూర్తిగా గిటార్ల పనిలోకి దిగారు. అంటే మనిషికి అసలు వృత్తి దొరికేసరికి నలభై దగ్గరపడింది.

ఆయన చేసిందేమిటో కర్ర పని తెలిసినవాడిగా కొంచెం చెప్పనివ్వండి. అప్పటి గిటార్లు చిన్నవి, గొంతు కూడా చిన్నదే. ఈయన పెట్టె పెద్దది చేశారు. పై పలకను పల్చగా, తేలికగా, రెండు దిక్కులా కొద్దిగా ఉబ్బి ఉండేలా తయారుచేశారు. పల్చన చేస్తే తీగెల లాగుడుకు కుంగిపోతుంది గదా? అందుకని పలక లోపలివైపు సన్నటి కర్రపట్టీలను విసనకర్ర ఈనెల్లా పరిచి అతికించారు. ఆ పద్ధతి అంతకుముందూ ఉంది. దాన్ని లెక్కతో, రెండు వైపులా సమంగా కుదిర్చిన ఘనత మాత్రం ఆయనది. ఈనాటికీ క్లాసికల్ గిటారు చేసేవాళ్ళలో ఎక్కువమంది ఆ దారినే నడుస్తున్నారు.

నాదం పై పలకలోనే ఉంది, వెనక చెక్కలోనూ పక్క చెక్కలోనూ లేదని ఆయన నమ్మకం. దాన్ని రుజువు చెయ్యడానికి 1862లో వెనక, పక్కలు అట్టతో పెట్టి ఒక గిటారు చేశారు. అది ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. పాటర్న్ షాపులో మా మేస్త్రీ చూసి ఉంటే పిచ్చి అని కొట్టిపారేసేవాడు.

1858లో సెవిల్ ప్రదర్శనలో కంచు పతకం వచ్చింది. 1869లో ఒక పదిహేడేళ్ళ కుర్రవాడు గిటారు కొనడానికి వచ్చాడు. ముందు మామూలు గిటారు ఒకటి చూపించారట. అతను వాయించడం విన్నాక లోపలికి వెళ్ళి, 1864లో చేసి దాచుకున్నదాన్ని తెచ్చి చేతికిచ్చారట. ఆ కుర్రవాడు ఫ్రాన్సిస్కో తారెగా. గిటారు సంగీతానికి తరువాత పెద్ద గురువు ఆయనే.

ఇంత పేరు వచ్చినా ఇల్లు గడవలేదు. నాకు బాగా గుచ్చుకున్న సంగతి ఇదే. 1868లో రెండో పెళ్ళి చేసుకున్నారు. 1870 ప్రాంతంలో సెవిల్ దుకాణం కట్టేసి, భార్యతో అల్మెరియా తిరిగివచ్చి పింగాణీ, గాజు సామాను కొట్టు పెట్టుకున్నారు. స్పెయిన్‌లో అంతటి పనివాడు ఐదేళ్ళపాటు కప్పులూ సాసర్లూ అమ్ముకున్నాడు. పెన్షను లేదు, డి.ఏ. లేదు, సంఘం లేదు. తప్పనిపించదు గానీ, చదువుతున్నప్పుడు పుస్తకం కాసేపు మూసిపెట్టాను.

1875లో మళ్ళీ ఉలి పట్టారు. లెక్క వేసుకోండి, అప్పటికి 58 ఏళ్ళు! మనలో చాలామందికి దండలు వేసి, శాలువా కప్పి ఇంటికి పంపిన వయసు. కొట్టులో బేరం లేని వేళల్లో గిటార్లు చేశారు. లోపల అంటించే చీటీ మీద ఇది రెండవ కాలం అని అచ్చు వేయించారు. తన జీవితాన్ని తానే రెండు భాగాలుగా లెక్కకట్టి చీటీ మీద వేసుకున్న మనిషి గురించి నేను వేరెక్కడా చదవలేదు.

1883లో రెండో భార్య కూడా పోయింది. అప్పటికి ఆయనకు 66. ఆ ఇంట్లో ఎలా గడిపారో పుస్తకంలో పెద్దగా లేదు, మనం ఊహించుకోగలం. అక్కడి నుంచి పని తగ్గలేదు, పెరిగింది. ఏడాదికి 12 దాకా గిటార్లు చేశారు. అంటే నెలకు ఒకటి, అదీ చేతిపనిముట్లతో.

చివరి ఏళ్ళలో హువాన్ మార్టినెజ్ సిర్వెంట్ అనే యువ పురోహితుడు ఆయన దగ్గరికి వచ్చి పనిలో సాయపడేవాడు. ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు, 1931లో, ఆ జ్ఞాపకాలను ఉత్తరంగా రాసింది ఇతనే. ఒకసారి భోజనాల దగ్గర, మీ రహస్యం మీతోనే పోతుందా అని ఎవరో అడిగారట. చెప్పినా మీకు రాదు, నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉంది, పలక మందం సరిపోయిందో లేదో అవే చెబుతాయి అన్నట్టుగా ఆయన జవాబిచ్చారట. మన షాపులో పాత మేస్త్రీలు స్కేలు పక్కన పెట్టి వేళ్ళతో కర్రను నలిపి చూసేవారు, గుర్తుందా? నేను 31 ఏళ్ళు చూశాను కనుక ఆ జవాబు గొప్ప కోసం ఇచ్చిందని అనుకోను.

1892 నవంబరు 19న, 75వ ఏట, అల్మెరియాలో టోరెస్ పోయారు. చివరిదాకా పని మానలేదు. తారెగా ఆ 1864 నాటి గిటారును ఇరవై ఏళ్ళు వాయించి అరగదీశాడు. తరువాతి తరం పనివాళ్ళు ఆయన గిటార్లను చూసి, కొలిచి, వాటి పద్ధతిలోనే తమ గిటార్లు చేసుకున్నారు. 2013లో అల్మెరియాలో ఆయన పేర గిటారు మ్యూజియం తెరిచారు. కప్పులూ సాసర్లూ అమ్మిన ఊరే.

నా పనిముట్ల పెట్టె మళ్ళీ తెరిచాను. కత్తి పని మాత్రం మానేశాను. కింది వాటాలో ఉండే ఇంటర్ కుర్రాడు సాయంత్రం ఆరింటికి వస్తాడు. బ్రిడ్జి ఎంత వేడెక్కాలో, ఎక్కడ పట్టుకోవాలో నేను వేలితో చూపిస్తాను, కత్తి అతను పెడతాడు. తాతగారూ, ఇంకా ఊడలేదు అంటూ తొందరపడతాడు. ఇంకో నిమిషం ఆగరా అంటాను. నిన్ననే ఒక గిటారుకు సరేసు పూసి క్లాంపులు బిగించాం, రేపు పొద్దున విప్పాలి.